వంతలు లేని కథకుడు

బృందములో పెరిగి, బృందముతో పేరుపొంది, తల నెరిసిన పిమ్మట ఒంటరిగా ధ్వనిముద్రణయంత్రము ముందు నిలిచి పాడిన కళాకారుని పాటను మనము ఏ విధముగా వినవలెను? ఆ పాట అతనిదా, అతనిని పెంచిన బృందముదా? ఆ ఒంటరి గానము బృందగానమునకు కొనసాగింపా, లేక దానికి వీడ్కోలా? ఇవి సంగీతశాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలని పైకి తోచును. కాని రేడియో గల ప్రతి ఇంటికిని ఇవి సంబంధించినవే. ఏలయన, మన చెవి చేరు పాటలలో పెక్కింటికి ముందు ఒక పేరు వినబడును. ఆ పేరు వెంట “బృందము” అను ఒక్క మాట వినబడును. ఆ మాట వెనుక నున్నవారెవరని మనము అడుగము. నేటి ప్రసంగములో ఆ ప్రశ్నను అడుగదలచితిమి.

2023వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన హైదరాబాదు అమీరుపేటలోని ఒక ఆసుపత్రిలో గద్దరు కన్నుమూసిరి. ఆయన రాజకీయ విశ్వాసములతో ఏకీభవించినవారును, ఏకీభవించనివారును ఆ దినమున ఆయన గొంతును తలచుకొనిరి. పంజగుట్ట చౌరస్తా మొదలు పల్లెలలోని రచ్చబండల వరకు ఆయన పాటలు మరల వినబడినవి. అట్లు వినబడినవానిలో ఎక్కువ భాగము ఒక్క మనిషి గొంతుతో నిలిచిపోయిన ముద్రణలు. కాని ఆ మనిషి తన జీవితములో అత్యధిక భాగము ఒంటరిగా పాడినవాడు కాడు. జననాట్యమండలి అను బృందము నడుమ నిలిచి, డప్పు మోతకు అడుగు కలిపి, వెనుకవారు అందుకొనగా పాడినవాడు. ముద్రణలో మిగిలిన మనిషికిని, వేదికమీద నిలిచిన మనిషికిని నడుమ నున్న దూరమే నేటి మా విషయము.

మన దేశమున ఈ సమస్య క్రొత్తది కాదు. కథాగానమునకు మన తెలుగువారు రెండు దారులు వేసిరి. ఒకటి హరికథ, మరియొకటి బుర్రకథ. హరికథలో కథకుడు ఒక్కడే. మద్దెలయు వయొలినును ప్రక్కన నుండవచ్చును గాని, కథను నడుపువాడు అతడొక్కడే. చేత చిడతలు, కాలికి గజ్జెలు ధరించి, రాజు తానే, మంత్రి తానే, నాయిక తానే, విదూషకుడు తానే యగును. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) ఈ కళకు ఇచ్చిన ఔన్నత్యము అందరెరిగినదే. పలువురు నటులు వేయవలసిన పాత్రలను ఒక దేహములో నిలుపుట హరికథలోని గొప్పతనము.

బుర్రకథ త్రోవ వేరు. ఇందు ముగ్గురు. నడుమ కథకుడు భుజమున తంబుర మోపి, వ్రేళ్లకు అందెలు తొడిగి, ముందుకు వెనుకకు అడుగులు వేయుచు కథ చెప్పును. ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలు నిలుతురు. వారిలో ఒకరు హాస్యము చెప్పుదురు. మరియొకరు రాజకీయము, అనగా కథను నేటి లోకముతో ముడివేయు వ్యాఖ్యానము చెప్పుదురు. కథకుడు ఒక చరణము ముగించుసరికి వంతలు “తందాన తాన” అని అందుకొందురు. అంత మాత్రమే వారి పని యని తలచుట పొరపాటు. కథకుడు ఒక మాట చెప్పగానే “అదెట్లు?” అని అడుగువారు వారు. “రాజు మంచివాడే గదా, మరి ఈ పన్నెందుకు వేసినాడు?” అని నిలదీయువారు వారు. శ్రోత మనస్సులో మెదలిన సందేహమును శ్రోతకంటె ముందే పైకి పలుకువారు వారు.

మన భాషలో “వంతపాడుట” అను పలుకుబడికి హీనార్థము వచ్చినది. ఒకరు చెప్పినదానికెల్ల తల యూపువానిని “వంతపాడుచున్నాడు” అందుము. బుర్రకథను శ్రద్ధతో విన్నవారికి ఈ పలుకుబడిలోని అన్యాయము తెలియును. నిజమైన వంత తల యూపువాడు కాడు, ప్రశ్న వేయువాడు. కథకుడు ఆవేశమున కథను ఎక్కడికో తీసికొనిపోవునపుడు కొంగు పట్టుకొని నేలమీదికి తెచ్చువాడు. వంత లేనిచో కథకునికి ఊపిరి పీల్చుకొను వ్యవధి లేదు. అంతకు మించి, అతనిని ప్రశ్నించు నాథుడు లేడు.

గుంటూరు ప్రాంతపు పొన్నెకల్లులో 1920లో జన్మించి, ప్రజానాట్యమండలి వేదికలమీద బుర్రకథకు క్రొత్త జీవము పోసిన షేక్ నాజరుగారిని ఇక్కడ స్మరింపవలెను. 1986లో పద్మశ్రీ బిరుదమందిన ఆ మహాకళాకారుడు 1997లో దివంగతులైరి. ఆయన సంగీతము నేర్చినవారు, నటనము తెలిసినవారు. ఒక్కరే ఒక రాత్రియంతయు సభను కూర్చుండబెట్టగల శక్తి గలవారు. అయినను ఆయన వంతలను విడిచి హరిదాసు కాలేదు. పల్నాటి యుద్ధమైనను, బొబ్బిలి కథయైనను, అల్లూరి సీతారామరాజు కథయైనను ముగ్గురు నిలిచి చెప్పవలసినదే. రేడియోలో బుర్రకథ ప్రసారమైనపుడు వేషము కనబడదు, అడుగు కనబడదు, కంటి చూపు కనబడదు. ఇన్ని తీసివేసినను నిలిచిన ఆ కళ వంతలను తీసివేసిన నిలువదు. ఏది అలంకారమో, ఏది ప్రాణమో ఈ ఒక్క పరీక్షవలన తేలిపోవును.

ఇక సముద్రములకు ఆవలి సంగతి కొంత చెప్పవలసియున్నది. నేడు మన యువకులు ఎంతయో ఇష్టముతో వినుచున్న ర్యాప్ అను గానపద్ధతి 1973వ సంవత్సరము ఆగస్టులో న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో జరిగిన ఒక వేడుకతో ఆరంభమైనదని చరిత్రకారులు చెప్పుదురు. వాద్యముల లయమీద ప్రాసబద్ధమైన మాటలను వేగముగా పలుకుట దాని స్వభావము. రాగము తక్కువ, మాట ఎక్కువ. తమ పేటలోని దారిద్ర్యము, పోలీసుల దండన, పనిలేని యౌవనము, పరిహాసము, ప్రగల్భము అన్నియు ఆ మాటలలో దొరలును. నల్లజాతివారి వార్తలను చెప్పు సాధనమని దానిని వారే వర్ణించుకొనిరి. మన జంగముకథలు, ఒగ్గుకథలు, జముకులకథలు ఎరిగినవారికి ఇది పరాయి వస్తువుగా తోచదు. నేడు హైదరాబాదు పిల్లలు తెలుగులోను దక్కనీలోను ర్యాప్ చెప్పుచుండుటలో వింత యేమియు లేదు.

ఆ దేశపు బృందములలో “పబ్లిక్ ఎనిమీ” యను నది ప్రసిద్ధము. 1987లో దాని మొదటి సంపుటి వెలువడినది. దాని నిర్మాణమును గమనించిన మనకు ఆశ్చర్యము కలుగును. చక్ డి యను నతడు ప్రధాన కథకుడు. గంభీరమైన గొంతుతో ఆరోపణలు, చరిత్ర, హెచ్చరికలు చెప్పును. అతని ప్రక్కన ఫ్లేవర్ ఫ్లేవ్ అను నతడు మెడలో పెద్ద గడియారము వ్రేలాడవేసికొని, నడుమ నడుమ కేకలు వేయుచు, నవ్వించుచు, మాటను ఎగదోయుచు ఉండును. వెనుక పళ్లెములను త్రిప్పి లయ నిచ్చువాడొకడు. ఇది కథకుడు, హాస్యపు వంత, గుమ్మెట తప్ప మరియొకటి కాదు. ఒకరిని చూచి మరియొకరు నేర్చినది కాదు. పెద్ద మాటను పెద్ద సభకు చెప్పదలచిన ప్రతి జాతియు తనంత తానుగా ఈ కూర్పునకు చేరుకొనునేమో యనిపించును. 1996లో చక్ డి తన పేరుతో ఒక ఏకాకి సంపుటి వెలువరించెను. అప్పటికి అతడు ఆ రంగమున వృద్ధులలో లెక్క. బృందము విచ్ఛిన్నమైనదని పలువురు తలచియుందురు. కాని 1998లో బృందము మరల కూడి ఒక చలనచిత్రమునకు సంపుటి కూర్చినది. ఒంటరి పాట వీడ్కోలు కాక, ఊపిరి పీల్చుకొను విరామమైనది.

మరియొక ఉదాహరణము ఇంకను స్పష్టమైనది. “వు-టాంగ్ క్లాన్” అను తొమ్మండుగురి బృందములో జిజ్జా యను నతడు పెద్దవాడు. 1991లోనే అతడు ఒంటరిగా ఒక సంపుటి వెలువరించెను. దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1993లో బృందము తొలి సంపుటితో లోకము ముందుకు వచ్చినది. ఆ బృందము వ్యాపారసంస్థతో చేసికొన్న ఒప్పందములో ఒక విశేషము కలదు. బృందమంతయు ఒక సంస్థకు పాడినను, సభ్యులు విడివిడిగా తమకు నచ్చిన సంస్థలకు పాడుకొనవచ్చును. 1995లో జిజ్జా మరల “లిక్విడ్ స్వార్డ్స్” అను ఏకాకి సంపుటిని వెలువరించెను. ఈసారి లోకము చెవియొగ్గి విన్నది. మనిషి ఆ మనిషియే. నడుమ మారినదేమి? రెండవ సంపుటికి వాద్యములు కూర్చినవాడు బృందనాయకుడగు రిజ్జా. తోటివారు అందులో గొంతు కలిపిరి. ముఖపత్రముమీద పేరు ఒక్కనిది. లోపల మ్రోగిన లయ బృందముది. బృందమునకు ముందు ఒంటరియైనవాడును, బృందము తరువాత ఒంటరియైనవాడును ఒక్కడు కాడని ఈ రెండు సంపుటులును చెప్పుచున్నవి.

ఈ దీపముతో మన ఇంటిని చూచుకొందము. మెదకు ప్రాంతపు తూప్రానులో పుట్టిన గుమ్మడి విఠల్ యౌవనమున బుర్రకథ చెప్పినవారు. బి. నర్సింగరావుగారి ప్రోత్సాహముతో పాటలు కట్టనారంభించిరి. 1972లో జననాట్యమండలి ఏర్పడినది. ఆయన తొలి పాటల సంపుటి పేరు “గద్దర్”. స్వాతంత్ర్యమునకై విదేశములలోని భారతీయులు స్థాపించిన గదర్ పార్టీని తలపించు పేరది. కాలక్రమమున సంపుటి పేరే మనిషి పేరైనది. సాధారణముగా మనిషి పేరు పుస్తకముమీదికి ఎక్కును. ఇక్కడ పుస్తకము పేరు మనిషిమీదికి ఎక్కినది. బృందము పాడిన పాటలకు గుర్తుగా పుట్టిన శబ్దము ఒక్క వ్యక్తికి నామధేయమగుటలోనే మన సమస్య బీజరూపమున ఉన్నది.

జననాట్యమండలి పాట పుట్టు తీరును గమనింపుడు. దాని బాణి సాధారణముగా ఒకరు గదిలో కూర్చుండి కల్పించినది కాదు. నాట్లు వేయు స్త్రీలు, బండి తోలువారు, జాతరలో ఆడువారు, యక్షగానము కట్టువారు తరతరములుగా పాడుకొన్నదే. ఆ బాణికి క్రొత్త మాట తొడుగుదురు. సభలో పాడుదురు. జనము అందుకొన్న పల్లవి నిలుచును, అందుకొననిది రాలిపోవును. ఉత్తరాంధ్రమునుండి వచ్చిన వంగపండు ప్రసాదరావుగారు తమ ప్రాంతపు యాసను, జముకు నడకను ఆ ఉద్యమమునకు తెచ్చిరి. ఆయన 2020లో పరమపదించిరి. డప్పు కొట్టినవారు, కోలాటపు అడుగు నేర్పినవారు, పల్లవి ఎత్తుకొన్న ఆడపడుచులు ఎందరో. గొంగడి భుజమున వేసికొని, చేత కర్ర పట్టుకొని, నడుమ నిలిచినవాడు గద్దరు. ఆ నిలుచుట సామాన్యమైన పని కాదు. పదిమంది గొంతులలోని వేడిని ఒక గొంతులో పట్టి సభ చివరివానికి చేర్చుట ప్రతిభ. ఆ ప్రతిభను తగ్గించి చెప్పుట మా ఉద్దేశము కాదు.

1979నాటి “మాభూమి” చిత్రమును తలచుకొనుడు. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, నర్సింగరావుగారి నిర్మాణమున వచ్చిన ఆ చిత్రములో గద్దరు తెరమీద కనబడి పాడిన పాట తెలుగుదేశమంతట ప్రాకినది. నేటికిని పెక్కుమంది దానిని గద్దరు వ్రాసినదిగానే తలచుచున్నారు. ఆ పాట కట్టినవాడు తెలంగాణ సాయుధపోరాటకాలమునాటి బండి యాదగిరి. పాట ఒకనిది, గొంతు మరియొకనిది, బాణి పల్లెది. దీనికి ప్రతిగా 1995నాటి “ఒరేయ్ రిక్షా” చిత్రమును చూడుడు. అందులోని అన్నాచెల్లెండ్ర పాట వ్రాసినవారు గద్దరు. పాడినవారు వందేమాతరం శ్రీనివాస్. అక్కడ గద్దరు మాట మిగిలి గొంతు మారినది. 2011లో “జై బోలో తెలంగాణ” చిత్రమునకు వచ్చుసరికి మాటయు గొంతును ఆయనవే. ఆ పాట ప్రత్యేక తెలంగాణ ఉద్యమకాలమున సభలలో జనము నోట నానినది. ఈ మూడు పాటలును గద్దరు పేరుతోనే జనము నోట నున్నవి. కాని మూడింటిలో ఆయన పాలు మూడు విధములు. ఒక్క పేరు ఈ భేదమును కప్పివేయుచున్నది.

అట్లని ఏకాకి గానమును నిందింపరాదు. దానికి తనదైన బలము కలదు. బృందగానము సభకై పుట్టినది. అందులో సందేహమునకు, సన్నని దుఃఖమునకు చోటు తక్కువ. డప్పు మ్రోగుచుండగా గొంతు వణికినను వినబడదు. 1990 ఫిబ్రవరిలో, అజ్ఞాతవాసమునుండి బయటికి వచ్చిన గద్దరును వినుటకు నిజాము కళాశాల మైదానమున అశేషజనము కూడిరి. ఆ సభలో కావలసినది పెద్ద గొంతు. 1997 ఏప్రిల్ 6న దుండగులు ఆయనను తుపాకులతో కాల్చిరి. ఒక గుండు కడవరకు ఆయన దేహములోనే నిలిచిపోయినది. అట్టి దేహమునుండి వెలువడిన గొంతును దగ్గరగా, ఒంటరిగా, వాద్యముల హోరు లేక వినవలెనన్న ముద్రణగదియే తగిన చోటు. అచ్చట ఊపిరి తీసిన చప్పుడు వినబడును. మాటకు మాటకు నడుమ మనిషి ఆగిన క్షణము వినబడును. ముదిమి వినబడును. సభలో నాయకుడైనవాడు ముద్రణలో మనుష్యుడగును. హరికథకు గల గౌరవము ఈ ఒంటరి పాటకును చెల్లవలెను.

మరి కొరత యేమి? వంత లేకపోవుటయే కొరత. ఒంటరి ముద్రణలో “అదెట్లు?” అని అడుగువాడు లేడు. పాట నిర్విఘ్నముగా సాగును. ఎంత నిర్విఘ్నముగా సాగునో అంతగా అది తీర్పువలె వినబడును. బృందములో నున్ననాడు పాటలోని ప్రతి మాటను నలుగురు చర్చించి దిద్దుదురు. బృందమున కటువైన శాసనములును ఉండును. అవి కళాకారునికి ఊపిరాడనీయని సందర్భములును ఉండును. గద్దరు జీవితములో కడపటి దశ ఆయన వెనుకటి రాజకీయమార్గమునకు దూరమైన దశ. 2018 ఎన్నికలలో ఆయన తొలిసారి ఓటు వేసిరి. ఆ మార్పు మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుట ఈ ప్రసంగపు పని కాదు. మేము చెప్పదలచినది ఒక్కటే. బృందమునుండి విడివడిన కళాకారునికి స్వేచ్ఛ లభించును. దానితోపాటు తనను ప్రశ్నించు తోటివాడు లేని ఒంటరితనమును లభించును. ఆ రెండింటిని వేరుచేసి పుచ్చుకొనుటకు వీలు లేదు.

ఈ సంగతులను అమీరుపేట, పంజగుట్టల నడుమ తిరుగువారు ప్రతిదినము వినుచునే యున్నారు. అమీరుపేటలోని సారథీ స్టూడియోకు మన చలనచిత్రచరిత్రలో ముఖ్యస్థానము కలదు. 1959లో వచ్చిన “మా ఇంటి మహాలక్ష్మి” పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు చిత్రముగా చెప్పబడుచున్నది. చలనచిత్రపు పాటతోనే “ఫలానావారు, బృందము” అను వరుస మన చెవికి అలవాటైనది. గ్రామఫోను పలకమీదను అదే వరుస. పల్లవి నెత్తుకొన్న ఇరువది గొంతులకు కలిపి ఒక్క మాట! అది మోసము కాదు. చిన్న చీటీమీద చోటు చాలక వచ్చిన అలవాటు. కాని నేడు చోటు చాలదను సాకు లేదు. అయినను అలవాటు పోలేదు.

స్టూడియోకు అనతిదూరమున బల్కంపేట ఎల్లమ్మ గుడి కలదు. ఆషాఢమున అమ్మవారి కల్యాణమునకు వచ్చు జనముతో ఆ వీథులు నిండిపోవును. డప్పులు మ్రోగును, పోతరాజులు ఆడుదురు, బోనములు తలలకెత్తుకొని స్త్రీలు నడతురు. ఎల్లమ్మ కథను తెలంగాణ పల్లెలలో జమిడికె మ్రోగించుచు బైండ్లవారు చెప్పుదురు. అందులోను ఒకరు చెప్పగా మరియొకరు అందుకొనవలసినదే. గద్దరు పాటకు ప్రాణమిచ్చిన డప్పు ఈ లోకమునుండి వచ్చినదే. దానికి ముద్రణగది తెలియదు. దాని శ్రోత నిలుచుండి వినడు; నడచుచు, ఆడుచు వినును.

అదే అమీరుపేటకు ఏ జిల్లానుండియో వచ్చి, అద్దెగదులలో ఉండి, కంప్యూటరు విద్య నేర్చుకొను యువతీయువకులు వేలకొలది. 2017 నవంబరులో మెట్రోరైలు నడక మొదలైనది. అమీరుపేట స్టేషను రెండు మార్గములు కలిసికొను కూడలి. పంజగుట్టనుండి వచ్చు బండిలో చూడుడు. ప్రతివాని చెవిలోను ఒక చిన్న సాధనము. ప్రతివాడు వినునది వానికే వినబడును. గాయకుడు ఒంటరిగా పాడుట ఒక సగము. శ్రోత ఒంటరిగా వినుట రెండవ సగము. పదిమంది పాడి పదివేలమంది విన్న పాట, ఒకడు పాడి ఒకడు విను పాటయైనది. పూర్వము పంచాయతీ రేడియో ముందు ఊరంతయు కూర్చుండెడిది. ఇంటి రేడియో ముందు ఇల్లంతయు కూర్చుండెడిది. ప్రసంగములో ఒక మాట నచ్చనిచో తాతగారు అక్కడనే కాదనెడివారు. మనుమడు ఎదురు చెప్పెడివాడు. అనగా ఇంటిలో ప్రతివాడును వంతయే. ఆ వంత ఇప్పుడు మౌనము వహించినాడు.

ఈ మౌనమునకు విరుగుడు లేదా? ఉన్నదని మా నమ్మకము. అది పాత కాలమును తిరిగి రప్పించుట కాదు. మెట్రోబండిలో డప్పు కొట్టలేము. చెవిలోని సాధనమును లాగివేయలేము. చేయదగిన పనులు మూడు కలవు.

మొదటిది పేర్లు. ఒక పాటను ప్రసారము చేయునపుడు గాని, భద్రపరచునపుడు గాని, కట్టినవారెవరు, బాణి ఏ ప్రాంతముది, డప్పు కొట్టినవారెవరు, పల్లవి ఎత్తుకొన్నవారెవరు అనునవి తెలిసినంతవరకు నమోదు చేయవలెను. తెలియనిచో “పల్లెవారు” అని వ్రాయుటలోను గౌరవము కలదు. ఏమియు వ్రాయకపోవుటలో లేదు. నంది బహుమతులకు మారుగా తెలంగాణ ప్రభుత్వము గద్దరు పేరిట చలనచిత్ర పురస్కారములను నెలకొల్పుచున్నట్లు 2024లో ప్రకటించి, 2025లో ప్రదానము చేసినది. ఒక పేరు నిలుచుట సంతోషకరము. ఆ పేరు తన వెనుకవారిని వెలుగులోనికి తెచ్చినపుడే అది పూర్తిగా నిలిచినట్లు. నాడు పల్లవి ఎత్తుకొన్నవారిలో వృద్ధులై ఊళ్లలో ఉన్నవారిని వెదకి, వారి గొంతులోనే వారి కథను ముద్రించుకొనుట ఆలస్యము చేయరాని పని. ఆలస్యమైనచో అడుగుటకు మనిషి మిగులడు.

రెండవది విను పద్ధతి. ఏకాకి సంపుటిని విన్నవారు దానితోపాటు అదే పాటకు సభలో బృందము పాడిన ముద్రణ దొరకినచో దానిని గూడ వినవలెను. ఒకదానిలో ఉన్నదేదో, మరియొకదానిలో లేనిదేదో చెవికే తెలియును. ఒంటరి పాటలో కథకుడు ఆగిన చోట్లను గమనింపుడు. అవి ఖాళీలు కావు. ముప్పది నలువది యేండ్లు వంతలతో పాడినవాడు వంతలు లేకున్నను వారి చోటు విడిచిపెట్టుచునే యుండును. చరణము చివర గొంతు కొంచెము పైకెత్తి నిలుపును. ఎవరో అందుకొందురని ఎదురుచూచినట్లుండును. ఆ ఎదురుచూపులో బృందము బ్రతికియున్నది.

మూడవది ఇంటిలోని పని. పాట ముగియగానే బొత్తాము త్రిప్పివేయక, ఒక్క నిముసము ఆగి పిల్లలతో మాటలాడుడు. “ఈ మాట నిజమేనా? ఈయన ఎవరి పక్షమున చెప్పుచున్నాడు? ఎవరి సంగతి చెప్పలేదు?” అని అడుగుడు, అడుగనిండు. పాటను కొట్టివేయుటకు కాదు. పాటకు వంత పాడుటకు. మెచ్చుకొనువాడు అభిమాని. ప్రశ్నించువాడు కూడ అభిమానియే. ఒక మెట్టు పైనున్న అభిమాని. బుర్రకథ మనకు ఏనాడో నేర్పిన మర్యాద ఇది.

మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. బృందమునుండి వచ్చిన వృద్ధకళాకారుని ఏకాకి సంపుటి బృందమునకు పోటీ కాదు, ప్రత్యామ్నాయమును కాదు. అది ఒక పెద్ద ఇంటినుండి వచ్చిన ఉత్తరము వంటిది. సంతకము ఒక్కరిది, క్షేమసమాచారము అందరిది. ఉత్తరము చదివి సంతకమును మాత్రమే గుర్తుంచుకొన్నచో మనము సగమే చదివినట్లు. కథకుడు ఒంటరిగా నిలిచి చరణము ముగించినాడు. గుమ్మెట మ్రోగవలసిన చోట నిశ్శబ్దముగా నున్నది. అందుకొనవలసిన వంతు ఇక వినుచున్న మనదే.